డేగ మాట, పావురం మాట: అపోహలు - వాస్తవాలు

కేంద్ర బ్యాంకుల ప్రకటనలు చదివి, వాటి స్వరం ఎటు మారిందో చెప్పడం నా పని. ధరలు పెరుగుతాయన్న భయం ఎక్కువై వడ్డీ రేట్లు బిగించాలనే ధోరణి హాకిష్ (హాక్ అంటే డేగ). ఉద్యోగాలు, వృద్ధి దెబ్బతినకుండా రేట్లు సడలించాలనేది డోవిష్ (డవ్ అంటే పావురం). ఇంతవరకు చాలామందికి తెలుసు. చిక్కంతా ఆ తర్వాతే.

అపోహ: రేటు పెంచితే హాకిష్, తగ్గిస్తే డోవిష్.

వాస్తవం: ఆ రోజు రేటు ఎంతన్నది మార్కెట్ చాలావరకు ముందే ఊహించేసి ఉంటుంది. మేం వెతికేది ఇకముందు ఏం చేస్తారన్న సూచన కోసం. అందుకే పాత ప్రకటననూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, మారిన మాటల కింద గీతలు గీస్తాం. 2023 మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) రేటును పావు శాతం పెంచింది. కానీ అంతకుముందు ప్రకటనలో వరుస పెంపులు అవసరమవుతాయని ఉన్న చోట, ఈసారి మరికొంత బిగింపు అవసరం కావచ్చని రాశారు. ‘అవుతాయి’ పోయి ‘కావచ్చు’ వచ్చింది. పెంచిన రోజే స్వరం మెత్తబడిందన్నమాట!

2024 డిసెంబర్‌లో కథ తిరగబడింది. రేటు పావు శాతం తగ్గించారు, కానీ 2025లో నాలుగు కోతలు ఉండొచ్చన్న పాత అంచనాను రెండుకు కుదించారు. అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఆ ఒక్కరోజే 1,100 పాయింట్లకు పైగా పడింది. ఇలాంటిదాన్నే మావాళ్లు ‘హాకిష్ కట్’ అంటారు.

అపోహ: డేగ కఠినాత్ముడు, పావురం దయామయుడు.

వాస్తవం: ధరలు పెరిగితే ముందు నలిగేది జీతం పెరగనివాళ్లే. డేగ వాదన కూడా వాళ్ల తరఫునే.

అపోహ: ఒకసారి డేగ అయితే ఎప్పటికీ డేగే.

వాస్తవం: ఫెడ్ ప్రాంతీయ బ్యాంకుల్లో ఒకటైన మినియాపొలిస్ ఫెడ్ అధ్యక్షుడిగా ఉన్న నారాయణ కొచ్చెర్లకోట 2011లో సడలింపులకు వ్యతిరేకంగా ఓటేశారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌కల్లా, ద్రవ్యోల్బణం అదుపులో ఉన్నంతకాలం నిరుద్యోగం 5.5 శాతానికి దిగేదాకా రేట్లు సున్నా దగ్గరే ఉంచాలన్నారు. నా దృష్టిలో అది మాట తప్పడం కాదు, లెక్కలు చూసి మనసు మార్చుకోవడం. మనుషులకు డేగ, పావురం అని ముద్ర వేసే చార్టులంటే నాకు అందుకే పెద్దగా నమ్మకం లేదు.

అపోహ: యుద్ధం కోరే డేగే వడ్డీ రేట్ల దగ్గరా డేగ.

వాస్తవం: పేరు మాత్రం అక్కడినుంచే వచ్చింది. 1812లో బ్రిటన్‌తో యుద్ధం కావాలన్న హెన్రీ క్లే లాంటి అమెరికా నాయకులను ‘వార్ హాక్స్’ అనేవారు. డేగలు, పావురాలు జంటగా బాగా వాడుకలోకి వచ్చింది 1962 క్యూబా క్షిపణి సంక్షోభం నాటినుంచి. కానీ యుద్ధానికి అప్పు కావాలి, ఆ అప్పు చవగ్గా దొరకాలి. అంటే యుద్ధం కోరే డేగకు వడ్డీ దగ్గర కావాల్సింది పావురమే. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వ దీర్ఘకాలిక బాండ్ల మీద వడ్డీ 2.5 శాతం దాటకుండా ఫెడ్ పట్టి ఉంచింది. యుద్ధం ముగిసినా ట్రెజరీ (అమెరికా ఆర్థిక శాఖ) ఆ సౌకర్యం వదలనంది. ఫెడ్ దాన్నుంచి బయటపడింది 1951 మార్చిలో, అదీ కొరియా యుద్ధం నడుస్తుండగా, ట్రెజరీతో నెలల తరబడి గొడవపడ్డాక.