తూము తెరిచినంత మాత్రాన పొలం తడుస్తుందా?

మా మేనకోడలి కూతురు నిజామాబాద్‌లో ఇంటర్ చదువుతోంది. సాయంత్రం పూట బాక్సింగ్ నేర్చుకుంటోంది. నిఖత్ జరీన్ పుట్టి పెరిగిన ఊళ్ళో ఆడపిల్లలకు ఆ కోరిక కలగడంలో వింతేమీ లేదు. మొన్న ఫోన్ చేసి అడిగింది: "తాతయ్యా, ఎక్స్‌ఎక్స్ అయితే ఆడ, ఎక్స్‌వై అయితే మగ అని మాకు క్లాసులో చెప్పారు కదా. ఆడవాళ్ళ బాక్సింగ్‌లో ఎవరు ఆడొచ్చో తేల్చడానికి ఆ ఒక్క టెస్టు చేసేస్తే సరిపోయేదానికి ఇంత గొడవెందుకు?"

చాలా ఏళ్ళు జువాలజీ చెప్పినవాణ్ణి. ఆ వాక్యం నేనూ బోర్డు మీద రాసేవాణ్ణి. అది అబద్ధం కాదు. కానీ అసలు కథ ఆ వాక్యం ముగిసిన చోట మొదలవుతుంది.

2023 మార్చిలో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగాయి. నిఖత్ రెండోసారి ప్రపంచ విజేత అయింది అక్కడే. అవే పోటీల్లో అల్జీరియాకు చెందిన ఇమాన్ ఖెలీఫ్‌నీ, తైవాన్‌కు చెందిన లిన్ యు-టింగ్‌నీ ఆడవాళ్ళ విభాగంలో ఆడే అర్హత లేదంటూ పక్కన పెట్టేశారు. ఆ పోటీలు నడిపిన అంతర్జాతీయ బాక్సింగ్ సంఘానికి, పాలన లోపాల వంటి వేరే కారణాలతో, ఆ జూన్‌లో ఒలింపిక్ కమిటీ గుర్తింపు రద్దు చేసింది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఇద్దరూ ఆడారు, ఇద్దరూ బంగారు పతకాలు గెలిచారు. ఖెలీఫ్‌తో తలపడిన ఇటలీ బాక్సర్ ఏంజెలా కరీనీ 46 సెకన్లకే తప్పుకోవడంతో ప్రపంచమంతా ఒకటే కేకలు. ఖెలీఫ్ ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగిన మనిషి. ఇది ట్రాన్స్‌జెండర్ల వ్యవహారం కాదని ఒలింపిక్ కమిటీ చెప్పినా వినేవాళ్ళు తక్కువయ్యారు. ఫోటోలు చూసి ఆమె శరీరం గురించి తీర్పులు చెప్పే పని నేను చేయను. ఎవరూ చేయకూడదు.

అయితే ఆటల్లో ఆడవాళ్ళకు వేరే విభాగం ఎందుకున్నదో మరిచిపోతే ఈ చర్చకు అర్థమే ఉండదు. పరుగు పందెంలో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ తేడా పది, పన్నెండు శాతం. గుద్దు దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు పంచ్ కొట్టే కదలికను పోలిన యంత్రాన్ని మగవాళ్ళ చేతా ఆడవాళ్ళ చేతా తిప్పించి కొలిచి, 2020లో ప్రచురించారు. మగవాళ్ళ సగటు శక్తి ఆడవాళ్ళ సగటుకంటే 162 శాతం ఎక్కువ. అంటే రెండున్నర రెట్లు దాటింది. వాళ్ళు పరీక్షించిన మగవాళ్ళలో అందరికంటే బలహీనుడు కూడా, ఆ ఆడవాళ్ళలో అందరికంటే బలమైనావిడను మించాడు. పరుగులో వెనకబడితే పతకం పోతుంది. బాక్సింగ్‌లో దెబ్బ తగిలేది తలకు. అందుకే ఇక్కడ నియమం ఉండాలి అనేవాళ్ళ మాటను నేను కొట్టిపారేయను.

మరి ఆ తేడా ఎక్కడ పుడుతుంది? మాది కృష్ణా డెల్టా. నాకు ఏ సంగతైనా కాలువ గట్టు మీద నిలబడి ఆలోచిస్తేనే బాగా అర్థమవుతుంది.

పెద్ద కాలువకు ఒక తూము ఉంటుంది. దాని షట్టరు ఎత్తితే నీళ్ళు బోదెలోకి దిగుతాయి. బోదె వెంట పారి, ప్రతి పొలం గట్టుకూ ఉన్న మడవ గుండా లోపలికి వెళ్తాయి. అప్పుడు పొలం తడుస్తుంది. వై క్రోమోజోమ్ మీద ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉంది. 1990లో కనుక్కున్నారు. షట్టరు ఎత్తే లస్కరు అదే. అది చేసే ప్రోటీన్ కేవలం 204 అమైనో ఆమ్లాల గొలుసు. పిండానికి ఆరేడు వారాలప్పుడు ఈ ప్రోటీన్ డీఎన్‌ఏను ఒకచోట పట్టుకుని వంచుతుంది. ఆ వంపుతో సాక్స్9 అనే మరో జన్యువు జోరందుకుంటుంది. దాంతో, అప్పటిదాకా ఎటూ కాకుండా ఉన్న బీజకోశం వృషణంగా మారడం మొదలుపెడుతుంది. లస్కరు పని అంతటితో సరి. ఎస్‌ఆర్‌వై కండరాన్ని పెంచదు, ఎముకను సాగదీయదు, గుద్దుకు బలం ఇవ్వదు. ఆ పనులన్నీ నీళ్ళవి, అంటే వృషణంలో తయారయ్యే టెస్టోస్టిరాన్‌వి. పిండంలో ఒక తడి, యవ్వనంలో అసలైన పెద్ద తడి.

కానీ నీళ్ళు పారడంలో ఎన్ని అడ్డంకులో రైతుకు తెలుసు.

లస్కరు పేరు రిజిస్టరులో ఉంటుంది, షట్టరు మాత్రం తుప్పుపట్టి లేవదు. ఎస్‌ఆర్‌వైలో చిన్న తప్పు దొర్లినా ఇదే జరగవచ్చు. దీన్ని స్వయర్ సిండ్రోమ్ అంటారు. క్రోమోజోములు ఎక్స్‌వై. వృషణాలు ఏర్పడవు, టెస్టోస్టిరాన్ ఉండదు, గర్భాశయం ఉంటుంది. దాతల అండంతో బిడ్డను కన్నవాళ్ళు కూడా ఉన్నారు. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి చేసే పరీక్షలో మాత్రం ఎస్‌ఆర్‌వై ఉందనే రావచ్చు, ఎందుకంటే ఆ పరీక్ష చూసేది రిజిస్టరులో పేరునే.

రెండోది ఇంకా ఆశ్చర్యం. షట్టరు లేచింది, బోదె నిండుగా పారుతోంది, మడవలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. మడవ అంటే ఇక్కడ కణంలో టెస్టోస్టిరాన్‌ను అందుకునే గ్రాహకం. దాని జన్యువు వై మీద కాదు, ఎక్స్ మీద ఉంది! అది పూర్తిగా చెడితే రక్తంలో మగవాళ్ళ స్థాయిలో టెస్టోస్టిరాన్ పారుతున్నా ఒక్క కణమూ తడవదు. ఆ మనిషి ఆడపిల్లగా పుడుతుంది, ఆడదానిగానే ఎదుగుతుంది. నెలసరి రాలేదని డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఇక్కడ ఎస్‌ఆర్‌వై పరీక్ష ఒక్కటే కాదు, రక్తంలో హార్మోన్ కొలిచే పరీక్ష కూడా తప్పుదారి పట్టిస్తుంది. బోదెలో నీటిమట్టం చూసి పంటను అంచనా వేసినట్టు.

అసలు చిక్కు మూడోదానితో. మెరక పొలానికి బోదె నీళ్ళు వాటంతటవి ఎక్కవు, మోటారు పెట్టి తోడాలి. పిండంలో బయటి జననాంగాలు మగ రూపం తీసుకోవాలంటే మామూలు టెస్టోస్టిరాన్ చాలదు. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని మరింత గాఢమైన రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైమే మోటారు. అది పాడైతే మెరక ఎండిపోతుంది. పుట్టినప్పుడు చూసినవాళ్ళు చాలాసార్లు ఆడపిల్ల అనే రాసుకుంటారు. కండరాలు, ఎముకలు పల్లపు పొలాలు, వాటికి మోటారు అక్కర్లేదు. యవ్వనం వచ్చేసరికి అవి మగవాళ్ళలో తడిసినట్టే తడుస్తాయి. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల్లో ఇలాంటి పిల్లల గురించి 1974లోనే శాస్త్రవేత్తలు రాశారు. పుట్టుక పత్రంలో ఆడ అని ఉంటుంది, కొందరు జీవితమంతా ఆడవాళ్ళుగానే బతుకుతారు. అయినా గుద్దు బలం సంగతి వేరేగా చూడాల్సి ఉంటుంది. పాస్‌పోర్టు చూస్తే చాలు అనేవాళ్ళు ఈ పల్లపు పొలాన్ని వదిలేస్తున్నారు. ఎస్‌ఆర్‌వై ఉంటే చాలు, పంపించెయ్యి అనేవాళ్ళు మూసుకుపోయిన మడవలను వదిలేస్తున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. వై ఇచ్చేదీ ఇవ్వనిదీ తండ్రి వీర్యకణం. అయినా ఆడపిల్ల పుడితే కోడలినే నిలదీసే ఇళ్ళు నేను ఎన్నో చూశాను. మగబిడ్డ కోసం మొక్కులు, తాయెత్తులు, నాటు మందులు. గర్భం నిలిచిన కొన్ని వారాలకు ఆమె చేత పసరు మింగిస్తారు. క్రోమోజోములు గర్భం దాల్చిన క్షణంలోనే తేలిపోయాయి కదా, ఇప్పుడు పసరు ఏం మారుస్తుంది? మన తరగతి గదులు ఆ ఒక్క వాక్యాన్నైనా ఇళ్ళ దాకా చేర్చలేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ పరీక్షలు కొత్తవి కావు. 1968 ఒలింపిక్స్ నుంచి బుగ్గ కణాల్లో రెండో ఎక్స్ తాలూకు చుక్క కోసం వెతికేవారు. 1992 నుంచి ఎస్‌ఆర్‌వైని వెతకడం మొదలైంది. 1996 అట్లాంటాలో 3,387 మంది క్రీడాకారిణులను పరీక్షిస్తే ఎనిమిది మందిలో అది కనిపించింది. వాళ్ళలో ఏడుగురికి మడవలు పూర్తిగానో, కొంతో మూసుకుపోయి ఉన్నాయి. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. 1999లో ఆ పరీక్షలకే స్వస్తి చెప్పారు.

2025లో అవి తిరిగొచ్చాయి. పాత సంఘం స్థానంలో ఒలింపిక్ కమిటీ గుర్తించిన వరల్డ్ బాక్సింగ్ సంస్థ పద్దెనిమిదేళ్ళు దాటిన బాక్సర్లందరికీ జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ ప్రకటనలో ఖెలీఫ్ పేరు రాసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. ఆ సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీలకు ఫ్రాన్స్ అమ్మాయిలు వెళ్ళి కూడా ఆడలేకపోయారు. వైద్యానికో, పరిశోధనకో, కోర్టుకో అవసరమైతే తప్ప జన్యు పరీక్షలను వాళ్ళ దేశ చట్టం ఒప్పుకోదు. బయట చేయించిన పరీక్షల ఫలితాలు వేళకు అందలేదు. మరోపక్క, 1990లో ఎస్‌ఆర్‌వైని కనుక్కున్న బృందంలోని ఆండ్రూ సింక్లెయిరే ఈ జన్యువు ఉందో లేదో తప్ప ఆ పరీక్ష ఇంకేమీ చెప్పదని 2025లో రాశారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రింగులో ఆడపిల్లల తలలు కాపాడటానికి నియమం కావాలి. దూదిపుల్లతో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు, కానీ అది తీర్పు కాకూడదు. వై జాడ కనిపిస్తే హార్మోన్లను, జన్యువులను, శరీరాన్ని స్వతంత్ర నిపుణులు చూడాలని, అప్పీలు ఉండాలని వరల్డ్ బాక్సింగ్ మొదటి ప్రకటనలో ఉంది. ఆ మెట్టే అసలైనది. మడవలు పూర్తిగా మూసుకుపోయిన అమ్మాయిని, షట్టరే లేవని అమ్మాయిని ఆడనివ్వాలి. ఏ ఫలితమైనా ఆమెకు చెప్పేటప్పుడు పక్కన డాక్టరూ ధైర్యం చెప్పే మనిషీ ఉండాలి. ఆ కాగితం మూడో మనిషి కంట పడకూడదు.

ఈ చివరి మాట దగ్గర, ఫోన్ చేసిన ఆ పిల్లకు మరియా హోసే మార్తినెజ్ పతీన్యో గురించి చెప్పాను. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి. 1985లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు వెళ్తూ పాత పరీక్ష సర్టిఫికెట్ ఇంటి దగ్గర మరిచిపోయింది. మళ్ళీ పరీక్షిస్తే ఎక్స్‌వై అని తేలింది. దెబ్బ తగిలినట్టు నటించి తప్పుకోమన్నారు. కొన్ని నెలల తర్వాత స్వదేశంలో పరుగెత్తితే, ఫలితం పత్రికల్లోకి ఎక్కింది. స్కాలర్‌షిప్ పోయింది, పెళ్ళి నిశ్చయమైన అబ్బాయి వెళ్ళిపోయాడు, రికార్డులు చెరిపేశారు. ఆమె మడవలు పూర్తిగా మూసుకుపోయినవే. ఒక్క చుక్క టెస్టోస్టిరాన్ కూడా ఆ కండరాలను తడపలేదని నిపుణులు నిరూపించాక, 1988లో తిరిగి అనుమతించారు. అప్పటికి మూడేళ్ళు గడిచిపోయాయి. 1992లో బార్సిలోనాలో, తన సొంత దేశంలో జరిగిన ఒలింపిక్స్‌కు ఆమె సెకనులో పదో వంతు తేడాతో అర్హత పొందలేకపోయింది.