చెస్‌లో ఓడిన రాత్రి: అపోహలు, వాస్తవాలు

16 ఏళ్లుగా పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. అంతకుముందు నేనూ టోర్నీలు ఆడాను. పెద్ద మ్యాచ్ ఏదైనా జరిగితే చాలు, తల్లిదండ్రుల నోట ఈ మాటలే వింటుంటాను.

అపోహ: ఆ స్థాయి ఆటగాళ్లు చిన్న తప్పులు చేయరు.

2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్‌లో చివరిదైన 14వ గేమ్, స్కోరు 6.5-6.5. అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌కు బంటు తక్కువే అయినా డ్రా చేతిలో ఉంది. అతనితో తలపడుతున్న మన గుకేశ్ మాత్రం వదలకుండా ఆడిస్తూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చాడు. ఏనుగులు మారిపోయాయి. డింగ్ శకటు మూలన ఇరుక్కుని ఉంది. గుకేశ్ తన శకటును దానికి ఎదురు పెట్టేసరికి అవీ మారక తప్పలేదు. ఇక మిగిలినవి రాజులు, బంట్లు. ఆ స్థితిలో గెలుపు గుకేశ్‌దే. నా దగ్గర రెండేళ్లు నేర్చుకున్న పిల్లలకు ఆ పొజిషన్ పెడితే "సార్, శకట్లు మారిపోతాయి" అని చెప్పేస్తారు. డింగ్‌కు తెలియదా? రెండున్నర వారాలుగా నలిగిన బుర్రలోంచి ముందు జారిపోయేది 'ఇది సరేనా' అనే అనుమానమే.

అపోహ: ఓటమి ఆ గేమ్‌తోనే అయిపోతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే. 2021లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ ఆరో గేమ్‌ను అప్పటి చాంపియన్ కార్ల్‌సన్, అతనితో తలపడిన నెపోమ్నియాచి 136 ఎత్తుల పాటు, దాదాపు ఏడు ముప్పావు గంటలు ఆడారు. నెపోమ్నియాచి ఓడాడు. అప్పటిదాకా ఐదుకు ఐదూ డ్రాలు. ఆ తర్వాత ఐదు గేముల్లో మరో మూడు ఓడిపోయాడు. తొమ్మిదో గేమ్‌లోనైతే బంటును ఒక గడి జరిపి, తన శకటును తానే బోనులో పెట్టుకున్నాడు.

2024 టొరంటో క్యాండిడేట్స్‌లో (ప్రపంచ చాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే టోర్నీ) గుకేశ్‌కూ అలాంటి రోజు వచ్చింది. ఏడో రౌండ్‌లో టైమ్ చాలక ఫిరూజా చేతిలో ఓడాడు. అప్పుడతనికి 17 ఏళ్లు. మర్నాడు విశ్రాంతి రోజు. తర్వాతి ఏడు రౌండ్లలో ఒక్కటీ ఓడకుండా టోర్నీ గెలిచాడు. ఆ విశ్రాంతి రోజున ఏం జరిగిందన్నదే కోచ్‌గా నేను నేర్చుకోవాలనుకునే పాఠం.

అపోహ: చెస్ ఆడితే రోజుకు 6,000 కేలరీలు ఖర్చవుతాయి.

ఈ అంకెను దయచేసి పిల్లలకు చెప్పకండి. మెదడు ఊరికే ఉన్నప్పుడే ఒంట్లోని శక్తిలో ఐదో వంతు వాడుకుంటుంది. గట్టిగా ఆలోచిస్తే పెరిగేది కొంచెమే. గుండె దడ, తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం మాత్రం నిజం. 1984-85లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం కార్పోవ్, కాస్పరోవ్ 48 గేములు ఆడారు. ఐదు నెలలకు, ఫలితం తేలకుండానే ఆపేశారు. అప్పటికి కార్పోవ్ బాగా చిక్కిపోయాడు.

అపోహ: ఇంత ఒత్తిడి కుర్రాళ్లే తట్టుకోగలరు.

కోనేరు హంపి 37 ఏళ్ల వయసులో, ఏడేళ్ల పాపకు తల్లిగా, 2024లో రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే చెస్) టైటిల్ గెలిచింది. ద్రోణవల్లి హారిక నిండు గర్భంతో చెన్నై ఒలింపియాడ్ (దేశాల జట్లు తలపడే టోర్నీ) ఆడి జట్టుతో కాంస్యం అందుకుంది.

అపోహ: ఓడిన వెంటనే తప్పు చూపిస్తేనే బుద్ధొస్తుంది.

మొదట్లో నేనూ అదే చేశాను. హాలు గుమ్మం దగ్గరే ఒక పాప చేతిలోంచి స్కోర్‌షీట్ (ఆడిన ఎత్తులు రాసుకునే కాగితం) తీసుకుని తప్పులు ఏకరువు పెట్టాను. తర్వాతి రౌండ్‌లో ఆ పాప చేయి పావు మీద వణకడం చూశాను. ఇప్పుడు ముందు అన్నం, తర్వాత నిద్ర. స్కోర్‌షీట్ నా సంచిలోనే ఉంటుంది. పిల్లలు అడిగినప్పుడే తీస్తాను.