నెలకు 4,000 రూపాయలతో బడి నిలుస్తుందా? అపోహలు - వాస్తవాలు

అమ్మనో నాన్ననో, ఇద్దరినీనో పోగొట్టుకున్న పిల్లల ఇళ్లకు తిరగడం నా పని. ఇలాంటి పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకునేందుకు ప్రభుత్వం నెలకు 4,000 రూపాయలిచ్చే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ గురించి చెప్పగానే ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: సర్కారు బడిలో అన్నీ ఉచితమే కదా, డబ్బెందుకు?

వాస్తవం: పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితమే. అయినా తండ్రి పోయిన ఇంట్లో ఒక మనిషి కూలి తగ్గిపోతుంది. మిరప కోతలు, పత్తి తీతలు మొదలవగానే పదమూడేళ్ల పిల్ల ఆ కూలికి వెళ్తుంది. అమ్మమ్మ మంచాన పడితే తమ్ముణ్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోతుంది. ముందు వారానికి రెండు రోజులు, తర్వాత నెల. మళ్లీ బడికొస్తే లెక్కలు అర్థం కావు, అడగడానికి సిగ్గు. పైగా విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దాకానే. తొమ్మిది, పది తరగతుల్లో పిల్లలు చేజారిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. నెలనెలా వచ్చే 4,000 ఆ పోయిన కూలిలో కొంతైనా పూడుస్తుంది. దాంతో బియ్యం కొన్నా, అమ్మమ్మకు మందులు కొన్నా చదువుకు పెట్టినట్టే. దాన్ని దుబారా అంటే నేను ఒప్పుకోను.

అపోహ: తల్లి బతికే ఉంది కాబట్టి రాదు.

వాస్తవం: వస్తుంది. భర్త చనిపోయిన, భర్త వదిలేసిన, విడాకులైన తల్లుల పిల్లలు, బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథలు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్లు అర్హులే. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. 18 ఏళ్లు నిండేదాకా ఇవ్వొచ్చు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. ఎలా వెళ్లాలో తెలియకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. నేను చూసినంతలో చాలా దరఖాస్తులు తండ్రి డెత్ సర్టిఫికెట్ లేకనే ఆగిపోతాయి. ఊళ్లో ఎవరైనా పోతే 21 రోజుల్లోపు నమోదు చేయించండి, దుఃఖంలో ఉన్న ఆ తల్లికి అది గుర్తుండదు.

అపోహ: హాస్టల్లో వేస్తే సరిపోతుంది.

వాస్తవం: కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో బాగా చదువుకున్న పిల్లలు నాకు తెలుసు. కానీ నాన్న పోయి నెల తిరక్కుండా అమ్మకూ దూరం చేస్తే ఆ పిల్ల తట్టుకోలేదు. పిల్లల్ని సంస్థల్లో ఉంచడం చివరి మార్గమనే బాల న్యాయ చట్టం కూడా చెబుతోంది.

అపోహ: డబ్బు పడితే చదువు అదే సాగుతుంది.

వాస్తవం: సాగదు. పిల్లలు వరుసగా బడికి రాకపోతే సాయాన్ని సమీక్షిస్తారు. టీచర్లను నేను వేడుకునేది ఒకటే: మూడో రోజు కూడా పిల్ల కనిపించకపోతే ఎవరో ఒకరు ఆ ఇంటి గడప దాకా వెళ్లి, ఎందుకు రావట్లేదో అడగండి.