క్షయ గాలిలో ఉంటే మనం కంచాన్ని కాపలా కాస్తున్నాం

ఇంట్లో ఒకరికి టీబీ అని తేలిన వారంలోపే వారికి వేరే కంచం, వేరే గ్లాసు, వేరే దుప్పటి వచ్చేస్తాయి. వారు పడుకునే గది కిటికీ మాత్రం దోమలు వస్తాయనో చలిగాలి తగులుతుందనో మూసే ఉంటుంది. ఛాతీ వ్యాధుల వైద్యుడిగా నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఓపీలో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటలను ఈసారి ఒకచోట రాస్తున్నాను.

అపోహ: రోగి వాడిన పాత్రలు, బట్టలు తాకితే టీబీ అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకోదు. ఊపిరితిత్తుల్లో గానీ స్వరపేటికలో గానీ టీబీ ఉన్నవారు దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడే అతి సన్నని తుంపరలు గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. ఆ గాలి పీల్చినవారికి క్రిమి సోకుతుంది. దీన్ని 1950లలో అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం వెల్స్, రిచర్డ్ రైలీ బృందం ఎంతో ఓపికగా నిరూపించింది. ఆరు పడకల టీబీ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైన గినీ పందులున్న గదికి పంపారు. ఆ జంతువులు రోగుల దగ్గరికి వెళ్లలేదు, వారి వస్తువులను తాకలేదు. వార్డు గాలి పీల్చినందుకే వాటికి టీబీ సోకింది. అదే గాలికి అతినీలలోహిత కిరణాలు సోకనిచ్చి పంపినప్పుడు ఆ గదిలోని జంతువులకు ఏమీ కాలేదు.

కాబట్టి కిటికీలు తెరవండి. ఇది పాతకాలపు సలహాలా అనిపించవచ్చు. పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రులలో గాలిని కొలిచి 2007లో ప్రచురించిన పరిశోధన చూడండి. కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు దాదాపు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి మార్చే ప్రత్యేక గదులకు సిఫారసు చేసేది 12 సార్లే. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత భవనాలు కొత్తవాటికన్నా మెరుగ్గా నిలిచాయి. మన ఊళ్లలో అలాంటి పాత ఆసుపత్రులను పడగొట్టి, అద్దాలు బిగించిన ఏసీ గదులలో రోగులను గంటల తరబడి కూర్చోబెట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అపోహ: చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించాం, ఇక భయం లేదు.

వాస్తవం: పసిపిల్లలకు మెదడు పొరల టీబీ, ఒళ్లంతా పాకే టీబీ వంటి ప్రాణాంతక రూపాల నుంచి బీసీజీ మంచి రక్షణ ఇస్తుంది. పుట్టిన బిడ్డకు తప్పక వేయించాలి. పెద్దల ఊపిరితిత్తుల టీబీ విషయంలో దాన్ని నమ్ముకోలేం. మన దేశంలో ఈ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948లో. ఆ తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలకు పైగా ప్రజలతో భారీ పరీక్ష మొదలుపెట్టి పదిహేనేళ్లు గమనించారు. పెద్దలలో ఊపిరితిత్తుల టీబీని అది ఆపలేదని తేలింది.

అపోహ: రోగిని ఇంటి నుంచి దూరంగా ఉంచితేనే పిల్లాపాపలకు క్షేమం.

వాస్తవం: ఈ ప్రశ్నకు జవాబు మన పక్కనే, మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ ప్రారంభమైన క్షయ చికిత్సా కేంద్రం, పేద రోగులలో కొందరిని శానిటోరియంలో (క్షయ రోగులను ఉంచి చూసుకునే ఆసుపత్రిలో), కొందరిని వారి ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. ఇళ్లలో ఇరుకు గదులు, అరకొర భోజనం. అయినా నయమైనవారి సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. ఇంట్లో చికిత్స పొందినవారి కుటుంబాలకు అదనపు ప్రమాదమూ కనిపించలేదు. మందులు పనిచేయడం మొదలయ్యాక ఇతరులకు సోకే గుణం త్వరగా తగ్గిపోతుంది. వ్యాధి బయటపడక ముందు, మందులు మొదలు కాక ముందు గడిచిన వారాలే ఇంటివారికి ఎక్కువ ప్రమాదం. రెండు వారాలు దాటిన దగ్గుకు వెంటనే తెమడ పరీక్ష చేయించమని అందుకే పోరుతుంటాం.

అపోహ: ఇంట్లో మిగతావాళ్లం బాగానే ఉన్నాం, మాకు మాత్రలెందుకు?

వాస్తవం: క్రిమి ఒంట్లో నిద్రపోతూ ఉండవచ్చు. అలాంటివారిలో నూటికి ఐదు నుంచి పదిమందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వ్యాధి బయటపడుతుంది. మధుమేహం, హెచ్‌ఐవీ ఉన్నవారికి, ఐదేళ్లలోపు పిల్లలకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. టీబీ లేదని పరీక్షలతో నిర్ధారించుకున్నాక ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ అనే మందు, లేదా వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు రెండు మందులు కలిపి ఇచ్చే నివారణ చికిత్స ఉంది. తిండి కూడా మందే. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూసిన రేషన్స్ అధ్యయనంలో (2023) కుటుంబసభ్యులకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది.

అపోహ: రోగి సంతృప్తి కార్పొరేట్ ఆసుపత్రుల గొడవ, టీబీకి మందులుంటే చాలు.

వాస్తవం: ఈ మాట వైద్యుల నోటే విన్నాను. దీనికి గట్టిగా అడ్డుచెప్పాలి. నేను గతంలో పనిచేసిన ఒక చోట, వరండాలో అందరి ముందు "టీబీ వాళ్లు ఇటు రండి" అని కేకవేసేవారు. పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి తల వంచుకుని వెళ్లిపోయి రెండో నెల మందులకు రాలేదు. ఇంకొకాయన మూత్రం నారింజ రంగులో వస్తోందని హడలిపోయి మాత్రలు మానేశాడు. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల అలా వస్తుందనీ, భయపడనక్కర లేదనీ చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మాలో ఎవరూ కేటాయించలేదు. మందులు మధ్యలో ఆగితే ఆ ఇంటి గాలిలోకి మళ్లీ క్రిములు చేరతాయి. రోగితో మాట్లాడే తీరు నివారణలో భాగమని నేను అనేది అందుకే.

సంతృప్తి సర్వేల గురించి ఒక మాట. పడకలు శుభ్రంగా ఉన్నాయా, సిబ్బంది మర్యాదగా ఉన్నారా అని మందులు తీసుకుంటున్న వ్యక్తిని అక్కడే, సిబ్బంది ఎదుటే అడుగుతాం. చాలామంది బాగుందనే అంటారు. మా తీరు నచ్చక రావడం మానేసినవారు ఆ కాగితాల్లో ఉండరు. మేము ఇప్పుడు రెండో నెల రానివారికి ముందుగా ఫోన్ చేసి, మందలించకుండా, కారణం మాత్రమే అడుగుతున్నాం. ఎక్కువగా వినబడే జవాబు, ఓపీ వేళలూ కూలి వేళలూ ఒకటేనని. అలాంటివారికి మందులు ఇంటి దగ్గరలోనే, పని ముగిసిన తర్వాత అందేలా ఆశా కార్యకర్తలతో మాట్లాడుతున్నాం.