పథకాల డేటా, తనిఖీలు: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ సొమ్ముతో నడిచే పథకాల్లో లెక్కలూ డేటా భద్రతా తనిఖీ చేయడం నా పని. ఈ పని గురించి తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: డేటా పోయిందంటే హ్యాకర్ల పనే.

వాస్తవం: 2007లో బ్రిటన్‌లో పన్నుల శాఖ దాదాపు 2.5 కోట్ల మంది వివరాలను రెండు డిస్కుల్లో పెట్టి పంపింది. అవన్నీ పిల్లల భృతి పొందే కుటుంబాల వివరాలు. పంపింది ఎవరికో కాదు, జాతీయ ఆడిట్ కార్యాలయానికే. పాస్‌వర్డ్ పెట్టారు కానీ ఎన్‌క్రిప్ట్ చేయలేదు, అంటే తాళంచెవి లేనివాళ్లు చదవలేని రూపంలోకి మార్చలేదు. ఆఫీసుల మధ్య తిరిగే మామూలు టపాలో వేశారు. డిస్కులు చేరనే లేదు. విచిత్రం ఏంటంటే, బ్యాంకు వివరాలు తీసేసి ఇస్తే చాలని ఆడిటర్లు ముందే చెప్పారు. అలా తీయిస్తే ఖర్చవుతుందని మొత్తం ఫైలే ఇచ్చేశారు. చివరికి ఆ శాఖ అధిపతి రాజీనామా చేశారు. అందుకే నేను ముందు ఫైర్‌వాల్ సంగతి ఎత్తను. "లబ్ధిదారుల ఎక్సెల్ షీట్ ఎవరెవరికి మెయిల్ చేశారు?" అని అడుగుతాను. సాధారణంగా అక్కడే అందరూ నీళ్లు నములుతారు.

అపోహ: డేటాలో తేడా కనిపిస్తే దొంగ దొరికినట్టే.

వాస్తవం: పేదలకు ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ భారత్‌పై 2023లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) ఇచ్చిన నివేదిక గుర్తుందా? 9999999999 అనే ఒకే ఫోన్ నంబరుపై దాదాపు 7.5 లక్షల మంది నమోదయ్యారు. కుంభకోణం అని గోల జరిగింది. లబ్ధిదారులను గుర్తించడానికి ఫోన్ నంబరు వాడటం లేదని కేంద్రం జవాబిచ్చింది. ఫారంలో నంబరు తప్పనిసరి అని పెట్టి, ఎదురుగా ఫోన్ లేని మనిషి కూర్చుంటే ఏ ఆపరేటరైనా చేసేది ఒకటే: తొమ్మిదులు నొక్కి తర్వాతి స్క్రీన్‌కి పోతాడు. అలాగని కొట్టిపారేయలేం. నంబరు నిజమైనది కాకపోతే, మీ పేరుతో ఎవరో వైద్యం బిల్లు పెట్టినా మీకు మెసేజ్ రాదు. మోసం ఇంకా జరగకపోయినా, జరగడానికి దారి మాత్రం తెరిచే ఉంది. నివేదికలో ఈ రెండింటినీ విడదీసి రాయడమే మాకు అసలు కష్టం.

అపోహ: తనిఖీ ఎంత కఠినంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: నెదర్లాండ్స్‌లో శిశు సంరక్షణ భృతి తీసుకున్న వేలాది కుటుంబాలపై మోసగాళ్లనే ముద్ర వేశారు. కొందరి విషయంలో చిన్న కాగితం పొరపాటుకే మొత్తం డబ్బు వెనక్కి కట్టమన్నారు. రిస్క్ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పౌరసత్వాన్ని కూడా ఒక అంశంగా చూసింది. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేయాల్సి వచ్చింది.

అపోహ: సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుకిచ్చాం కాబట్టి బాధ్యత కంపెనీదే.

వాస్తవం: జవాబు చెప్పాల్సింది పథకం నడిపే శాఖే. లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టంలో నమోదయ్యే రికార్డులు) చూసే హక్కు ఒప్పందంలో రాయించుకోకపోతే, తర్వాత ఎంత బతిమాలినా అవి చేతికి రావు.

అపోహ: ఎవరి లాగిన్ వాళ్లకుంది, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: సెలవుల రిజిస్టర్ తెప్పించి లాగిన్ లాగ్ పక్కన పెట్టండి. సెలవులో ఉన్న అధికారి పేరుమీద ఆ రోజు ఎన్ని చెల్లింపులకు ఆమోదం పడిందో చూడండి.