ముద్ద దిగనప్పుడు మొదట అడగవలసింది

నెల్లూరు, చిత్తూరు వైపు ఊళ్లలో పెద్దాసుపత్రి అంటే నేటికీ చాలామంది చెన్నై రైలెక్కుతారు. పెరంబూరు, చూళై వంటి పేటల్లో తరాలుగా స్థిరపడ్డ తెలుగువారు ఎలాగూ ఉన్నారు. అందువల్ల ఈ నగరంలోని జీర్ణకోశ వైద్యులకు "ముద్ద దిగడం లేదండీ" అన్న మాట కొత్త కాదు. ఆ మాట విన్న అనుభవజ్ఞుడైన వైద్యుడు పరీక్షలు రాసే ముందు అడిగేది ఒకటుంది: మొదట ఆగింది అన్నమా, నీళ్లా?

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల కండర గొట్టం. ముద్దను కిందికి నెట్టేది ఆ కండరాల కదలిక. ముద్ద వచ్చేసరికి జీర్ణాశయం ముందున్న కవాటం వదులు కావాలి. దారి ఇరుకై, లోపలి వెడల్పు దాదాపు 13 మిల్లీమీటర్లకు తగ్గితే చపాతీ, మాంసం వంటివి అడ్డుపడడం మొదలవుతుంది; ఇంకా తగ్గేకొద్దీ మెత్తనన్నం, గంజి, చివరికి నీళ్లు కూడా దిగవు. ఈ క్రమం కొద్ది నెలల్లోనే సాగి, మనిషి చిక్కిపోతుంటే, ముఖ్యంగా పొగాకు, మద్యం, వక్క అలవాటున్నవారిలో, ముందుగా క్యాన్సర్‌నే అనుమానించాలి. ఏళ్ల తరబడి ఛాతీలో మంట ఉన్నవారిలో ఆమ్లం వల్ల పుండు పడి, మచ్చకట్టి దారి సన్నబడడమూ ఉంది. అలా కాక ఆరంభం నుంచే అన్నమూ నీళ్లూ రెండూ ఆగుతుంటే, లోపం సాధారణంగా నెట్టే కండరాలలోనో, వాటి నరాలలోనో ఉంటుంది. కవాటం వదులుకాని అకలేషియా అలాంటిదే. దీనికి 1674లోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు స్పాంజి కట్టిన పుల్లతో చికిత్స చేశాడు. మింగబోతూనే పొలమారి దగ్గు వస్తే మాత్రం చిక్కు గొంతులోనే ఉండవచ్చు. ఎవరో తలుచుకుంటున్నారని ఒకటి రెండుసార్లు నవ్వుకోవచ్చు గాని, రోజూ పొలమారితే పక్షవాతం వంటి నరాల జబ్బులను వెతకాలి.

రోగి చెప్పే జవాబు ఒక్కోసారి దారి తప్పిస్తుంది. ఇబ్బంది మెల్లగా పెరిగినప్పుడు మనిషి తెలియకుండానే సర్దుకుపోతాడు: ఇడ్లీని సాంబారులో నాననిస్తాడు, ముద్దముద్దకూ గుక్కెడు నీళ్లు తాగుతాడు, మాంసం మానేసి "వయసైంది కదా" అంటాడు. ఇంట్లోవాళ్లను అడిగితే, అందరూ చేయి కడుక్కున్నాక కూడా ఆయన విస్తరి ముందే ఉంటున్నాడని తెలుస్తుంది. అడ్డు ఎక్కడుందో వేలితో చూపించినా పూర్తిగా నమ్మడానికి లేదు. కింది కవాటం దగ్గరి అడ్డు గొంతులో ఉన్నట్టే అనిపించవచ్చు. దీన్ని గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగడం, నా దృష్టిలో, అన్నిటికన్నా చెడ్డ జాప్యం.

పెద్దవారిలో ఈ లక్షణానికి సాధారణంగా మొదటి పరీక్ష ఎండోస్కోపీ. పరగడుపున, గొంతుకు మత్తుమందు చల్లి కెమెరా గొట్టం పంపుతారు. అనుమానం ఉన్నచోట సూక్ష్మదర్శిని కింద చూడడానికి లోపలి పొర నుంచి అనేక చిన్న ముక్కలు తీస్తారు. పైకి మామూలుగా కనిపించినా ముక్కలు తీయడం అవసరమే, ఎందుకంటే అలర్జీకి చెందిన ఒక రకం వాపు కొన్నిసార్లు సూక్ష్మదర్శిని కిందగాని బయటపడదు. అంతా బాగుందని నివేదిక వచ్చినా ముద్ద దిగకపోతే విచారణ అక్కడితో ఆపకూడదు. ముక్కు ద్వారా సన్నని గొట్టం పంపి, గుటకగుటకకూ కండరాల ఒత్తిడి కొలిచే మానోమెట్రీ అప్పుడు కావాలి. బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో అకలేషియా పక్షి ముక్కులా సన్నబడి కనిపిస్తుంది. అయితే కవాటం దగ్గర గోడలో దాగిన కణితి కూడా ఈ రెండు పరీక్షల్లో అచ్చం అకలేషియాలాగే కనబడగలదు. వయసు మీరినవారిలో, లక్షణాలు మొదలై ఎంతో కాలం కాకుండానే బరువు బాగా తగ్గిపోతే, అకలేషియాకు చికిత్సగా కవాటానికి కోత పెట్టే ముందు సీటీ స్కానో, ఎండోస్కోపీ గొట్టంతోనే లోపలినుంచి చేసే అల్ట్రాసౌండో చేయించేది అందుకే.