కారు స్టీరియో వాట్లు: ఇంటి గడప దగ్గర ఆగిపోయిన నియమం

కొత్త కారు మార్కెట్లోకి వచ్చిన ప్రతిసారీ దాని ఆడియో వాట్ల మీద వాదన మళ్లీ రాజుకుంటోంది. 2024 నవంబరులో చెన్నైలో మహీంద్రా విడుదల చేసిన విద్యుత్ కారు ఎక్స్‌ఈవీ 9ఈ విషయమే చూడండి. పెద్ద బ్యాటరీ ఉన్న రకం ఒక్క చార్జింగుతో 656 కిలోమీటర్లు వెళ్తుందని కంపెనీ ప్రకటించింది. ఆ అంకె పక్కనే, ఆ దూరాన్ని ఎలా కొలిచారో చెప్పే ఎంఐడీసీ అన్న పరీక్ష పేరు ఉంటుంది. అందులోని 16 స్పీకర్ల హర్మాన్ కార్డన్ ఆడియో 1400 వాట్లదనీ ప్రకటించింది. అయితే దీనికి ఫలానా పద్ధతిలో కొలిచామని చెప్పి తీరాలన్న నిబంధన మన దేశంలో లేదు. 1400 అన్నది అబద్ధమని నేను అనడం లేదు. అది ఎన్ని వోల్టుల దగ్గర, ఎన్ని ఓముల (కరెంటుకు అడ్డుపడే నిరోధం కొలత) స్పీకర్ మీద, ఎంతసేపు, శబ్దం ఎంత పగిలే స్థాయిలో వచ్చిన అంకె అన్న నాలుగు వివరాలు తెలియకపోతే నిజమనీ అనలేం, అబద్ధమనీ అనలేం.

కారులోకి రేడియో ఎలా వచ్చింది, క్యాసెట్టు పోయి సీడీ ఎప్పుడొచ్చింది అన్న కథ అందరికీ తెలిసిందే. నేటి తగవుకు మూలం అక్కడ లేదు. 1974లో, వినియోగదారులను మోసపు ప్రకటనల నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన యాంప్లిఫయర్ నియమంలో ఉంది.

అంతకు ముందు అక్కడి స్టీరియో కంపెనీలు వాట్లను ఎవరికి తోచినట్టు వారు లెక్కగట్టేవి. క్షణంలో వెయ్యో వంతు పాటు వచ్చిన శిఖరాన్ని పట్టుకుని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన వాళ్లున్నారు. ఒక చానల్‌ను మాత్రమే నడిపి కొలిచి, రెండు చానళ్లకూ కలిపి చెప్పిన వాళ్లున్నారు. కమిషన్ దీన్ని కట్టడి చేసింది. ఒక్కో చానల్ నిలకడగా ఇచ్చే శక్తినే చెప్పాలి, చానళ్లన్నీ ఒకేసారి నడుస్తూ ఉండాలి, స్పీకర్ ఎన్ని ఓములదో, ఏ పౌనఃపున్యం నుంచి ఏ పౌనఃపున్యం దాకా కొలిచారో, శబ్దంలో వికృతి (పగులు) ఎంత శాతమో పక్కనే రాయాలి. దీనికి తోడు ఇంకో కఠినమైన షరతు కూడా పెట్టింది. కొలిచే ముందు యాంప్లిఫయర్‌ను గరిష్ఠ శక్తిలో మూడో వంతు దగ్గర గంటసేపు నడిపి వేడెక్కించాలి. ఆనాటి సర్క్యూట్లు ఎక్కువ వేడిని పుట్టించేది దాదాపు ఆ స్థాయి దగ్గరే. వేడిని బయటికి తరిమే అల్యూమినియం రెక్కలు చిన్నవైన యాంప్లిఫయర్లకు ఇది గట్టి పరీక్ష అయింది. కంపెనీలు చాలాకాలం మొరపెట్టుకోగా, చివరికి 2000లో కమిషన్ మూడో వంతును ఎనిమిదో వంతుకు తగ్గించింది. నియమం పని చేసిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కానీ ఆ నియమం పరిధి ఇంట్లో వినోదం కోసం అమ్మే పరికరాలకే పరిమితం. రేడియోలు, రికార్డు ప్లేయర్లు, టేపులు, యాంప్లిఫయర్లు అందులో ఉన్నాయి, కారు లేదు. ఇంట్లో అబద్ధమైన అంకె కారులో చెల్లుబాటైపోయింది. నా దృష్టిలో ఆ తర్వాతి అర్ధ శతాబ్దపు గందరగోళమంతా ఈ ఒక్క గీత నుంచే పుట్టింది.

దాని ఫలితం యాక్సెసరీస్ దుకాణంలో ఏ డెక్కు (కారు స్టీరియో) పెట్టె మీద చూసినా కనిపిస్తుంది: "50 వాట్లు × 4". ఇంజను నడుస్తున్నప్పుడు కారులో దొరికేది దాదాపు 14.4 వోల్టులు. డెక్కు లోపలి చిప్పు 4 ఓముల స్పీకర్‌కు ఆ వోల్టులన్నీ ఒక్క చుక్క వృథా కాకుండా అందించినా, నున్నటి తరంగం మీద వచ్చేది సుమారు 26 వాట్లే. నష్టాలు తీసేస్తే ఇంకా తక్కువ. మరి 50 ఎక్కడి నుంచి వచ్చింది? తరంగం పైనా కిందా పూర్తిగా తెగిపోయి చదరంగా మారినప్పుడు లెక్క దాదాపు 52కు చేరుతుంది. అంటే పాట పాటగా మిగలని స్థితిలో వచ్చే శక్తిని పెట్టె మీద వేశారన్నమాట. అదే డెక్కు వివరాల పుస్తకంలో వెనక పేజీకి వెళ్తే, ఒక శాతం వికృతి దగ్గర కొలిచిన అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చాలా డెక్కుల్లో 14 నుంచి 22 వాట్ల మధ్యే.

నమ్మకం కలగకపోతే డెక్కు వెనక్కి తిప్పి ఫ్యూజు చూడండి. చాలా వాటిలో 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. 14.4 వోల్టులను పదితో గుణిస్తే 144 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది. నాలుగు యాభైలు రెండు వందలు నిలకడగా ఇవ్వాలంటే ఆ ఫ్యూజు ఎప్పుడో కాలిపోవాలి.

మన ఇళ్లలో ఈ ఆట కొత్త కాదు. 1990ల్లో టూ ఇన్ వన్‌ల మీద మెరిసిన వెయ్యి వాట్ల పీఎంపీఓ, అంటే క్షణికమైన శిఖర శక్తి లెక్క, గుర్తుండే ఉంటుంది. వెనక రేకు మీద కరెంటు వాడకం చూస్తే పదుల వాట్లే. ఆ నాలుగక్షరాల మోజు తగ్గిపోయింది గానీ, ఆ అలవాటు కారెక్కి కూర్చుంది.

అమెరికా పరిశ్రమే 2003లో కొంత సర్దుకుంది. వినియోగ ఎలక్ట్రానిక్స్ సంఘం సీఈఏ-2006 అన్న ప్రమాణం తెచ్చింది. 14.4 వోల్టులు, 4 ఓములు, ఒక శాతానికి మించని వికృతి అన్నవి దాని షరతులు. డెక్కుల పుస్తకాల్లో నిజాయతీ అంకెలు కనిపించడం వెనక దీని చలవ ఉంది. అయితే ఇది స్వచ్ఛందం. దీన్ని పాటించింది ఎక్కువగా విడిగా డెక్కులు, యాంప్లిఫయర్లు అమ్మేవాళ్లు. ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చే ఆడియోను ఇది కట్టడి చేయదు.

ఆ దారి 1983లోనే వేరైంది. జనరల్ మోటార్స్‌కు చెందిన డెల్కో, ఆడియో కంపెనీ బోస్ కలిసి ఆ ఏడాది కాడిలాక్ సెవిల్ వంటి కార్లకు, ఒక్కో మోడల్ లోపలి ఆకారాన్ని బట్టి ప్రత్యేకంగా తయారైన ఆడియోను ఇచ్చాయి. స్పీకర్, దాని యాంప్లిఫయర్, శబ్దాన్ని దిద్దే సర్క్యూట్ అన్నీ కలిపి ఒకే వ్యవస్థ. వాట్లు చూడకండి, విని చూడండి అన్నది అప్పటి నుంచీ కార్ల కంపెనీల వాదన. ఇందులో నిజం ఉంది. శక్తి రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. తక్కువ శక్తితో ఎక్కువ పలికే స్పీకర్ పెడితే చిన్న యాంప్లిఫయర్ చాలు. సంగీతంలో శిఖరాలు క్షణికం కాబట్టి నిలకడ శక్తి ఒక్కటే ప్రమాణం కాదన్న మాటా సబబే.

అలాగైతే వాట్లను ప్రకటించడం మానేయాలి. అలా జరగడం లేదు. నాణ్యత గురించి అడిగితే వాట్లతో పనేమిటంటారు, అమ్మేటప్పుడు వాట్లనే ముందు పెడతారు.

ఫ్యాక్టరీ ఆడియో ఉన్నవాళ్లు తరచూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది. సన్నగా పెడితే డప్పు దెబ్బ గుండెకు తగులుతుంది, శబ్దం పెంచేకొద్దీ దరువు పలచబడి గొంతులు, తాళాలు మాత్రం చెవుల్లో గుచ్చుకుంటాయి. స్పీకర్ పాడైందనుకుని మార్పించేవాళ్లూ ఉన్నారు. చాలా కార్లలో అది లోపం కాదు. తలుపులోని తేలికపాటి స్పీకర్ చిరిగిపోకుండా, వాల్యూమ్ పెరిగేకొద్దీ బాస్ తగ్గించేలా కంపెనీయే సాఫ్ట్‌వేర్‌లో అమర్చి పెడుతుంది. కొత్త స్పీకర్ వేసినా ఆ తగ్గింపు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది. కొనేవాడికి వాట్ల అంకెకన్నా ఈ సంగతి తెలియడం ముఖ్యం. కానీ దీన్ని బ్రోచర్‌లో రాసే కంపెనీ ఏదీ నాకు కనిపించలేదు.

2024లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పాత నియమాన్ని బిగించింది. ఇప్పుడు 8 ఓములు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, ఒక శాతం లోపు వికృతి అని షరతులను తనే ఖాయం చేసింది. కంపెనీలకు నచ్చిన షరతులు ఎంచుకునే వీలు పోయింది. కానీ పరిధి మాత్రం మళ్లీ ఇంటి గడప దగ్గరే ఆగింది.

మన దగ్గర 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను అడ్డుకోవడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు అధికారం ఇచ్చింది. ప్రకటనలపై ఆ సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు కూడా తెచ్చింది. కారు మైలేజీకి పరీక్ష ఉంది, రేంజికి పరీక్ష ఉంది. వాట్లకు కొత్తగా ఏదీ కనిపెట్టాల్సిన పని లేదు. 14.4 వోల్టులు, స్పీకర్ ఓములు, ఒక శాతం వికృతి, అన్ని చానళ్లూ ఒకేసారి అన్న నాలుగు మాటలు ఆ 1400 పక్కన రాయించగలిగితే చాలు.